ఎప్పుడు వాడకూడదు

కయానిలో డిసెంబరు మధ్యాహ్నం మూడింటికే
చీకటొచ్చి కిటికీకి భుజం ఆనిస్తుంది.
ఒకప్పుడు కాగితం చేసిన మిల్లు ఇది.
ఇప్పుడు లోపల బారులు తీరిన సర్వర్లు
నిద్రపట్టని తుమ్మెదల్లా గుయ్‌మంటాయి.

ఇర్మెలి ఒక్క వాక్యం ముందు కూర్చుని
గంటన్నరయింది.
కాఫీ రెండుసార్లు చల్లారింది.

మొన్న మంగళవారం రాత్రి
డిస్కు నిండిపోతోందని ఏజెంటుకి కబురందింది.
దాని చేతిలో ఇరవై మూడు పనిముట్లు.
ఒకదాని మీద ఇలా రాసుంది:
"పాత వాటిని శుభ్రం చేస్తుంది."
అంతే. చుక్క.
బుద్ధిగా చదివింది, బుద్ధిగా నమ్మింది.
పదకొండు సెకన్లలో
ఒక చిన్న లైబ్రరీ ఏడేళ్ళుగా కూడబెట్టుకున్న
ముసలివాళ్ళ గొంతులన్నీ
శుభ్రం.
"పని పూర్తయింది" అని మర్యాదగా చెప్పింది కూడా.
ఇంకో చోట దాచిన నకళ్ళలోంచి సగం పైన దొరికాయి.
చేపల వలకి ముడి ఎలా వేయాలో
నవ్వుతూ చెప్పిన ముసలమ్మ మాత్రం దొరకలేదు.

పొద్దున్నే మీటింగులో అందరూ ఏజెంటునే తిట్టారు.
"ముందూ వెనకా చూసుకోదేం?" అన్నాడు యార్మో.
ఇర్మెలి బల్ల అంచు గోకుతూ ఉండిపోయింది.
ఆ నాలుగు మాటలూ తన రాతే,
ఒక శుక్రవారం, బస్సు వేళ దాటిపోతుంటే
నిలబడే రాసేసింది.

మాటెంత జారుడుదో చూడండి.
తీయడం అంటాం.
తలుపు తీస్తాం, ఫొటో తీస్తాం,
కూనిరాగం తీస్తాం, ప్రాణమూ తీస్తాం.
ఎదురుగా మనిషుంటే
మన మొహం చూసి ఏదో పోల్చుకుంటాడు.
ఏజెంటుకి మన మొహం లేదు,
రాసిచ్చిన ముక్కే ఉంది.

ఇర్మెలి వాళ్ళ నాన్న తౌనో
ఈ మిల్లులోనే ఆవిరి గొట్టాలు చూసుకునేవాడు.
వాల్వు వాల్వుకీ ఇత్తడి బిళ్ళ కట్టి
మేకుతో చెక్కేవాడు:
"కుడికి తిప్పితే మూడో గొట్టంలో ఆవిరి ఆగుతుంది.
నీళ్ళు ఆగవు.
ముల్లు ఎర్రగీత దాటి ఉంటే ముట్టుకోకు,
నన్ను లేపు."
ఇంత పొడుగెందుకు నాన్నా, అంది ఎనిమిదేళ్ళ పిల్ల.
"రాత్రి షిఫ్టుకి ఎవడొస్తాడో నాకు తెలీదు,
వాడికి నేను తెలీను" అని
మేకు మొన తుడుచుకున్నాడు.

ఇర్మెలి రాసింది:
ముప్పై రోజులు దాటిన తాత్కాలిక ఫైళ్ళను తొలగిస్తుంది.
తొలగించినవి తిరిగి రావు.
బ్యాకప్పులను తాకదు.

అక్కడ ఆగింది.
నిజంగా తాకదా?
కోడు తెరిచి చూసింది.
తాకుతోంది.
వాక్యాన్ని కొట్టేయలేదు,
కోడునే దిద్దింది,
ఆ మాట అబద్ధం కాకుండా.

తర్వాత ఇంకో వరస చేర్చింది:
దేనికైనా "శాశ్వతం" అని గుర్తుంటే ఇది వాడొద్దు,
ఆగి, మనిషిని అడుగు.

ఉత్తుత్తి డిస్కొకటి నింపి
ఏజెంటుని మళ్ళీ దాని మీదకి వదిలింది.
పనిముట్టు దాకా వెళ్ళింది. చదివింది.
తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి:
"ఇక్కడ పద్నాలుగింటికి శాశ్వతమని గుర్తుంది.
వీటిని వదిలేసి మిగతావి తొలగించనా?"

ఆ ప్రశ్న వైపు చాలాసేపు చూసింది.
నాన్న చచ్చిపోయి తొమ్మిదేళ్ళు.
రాత్రి షిఫ్టువాడెవడో ఇన్నాళ్ళకి
తలుపు తట్టి అడుగుతున్నట్టుంది.
"సరే, వాటిని వదిలెయ్" అని టైపు చేసింది.

ఇవాళా బస్సు వెళ్ళిపోయింది.
మంచు మీద బూట్లు కిర్రుమంటుంటే
నది వంతెన దాకా నడిచింది.
సగం దారిలో చేతి తొడుగు తీసి
ఫోన్‌లో రేపటికని రాసుకుంది:
ఇంకా ఇరవై రెండున్నాయి.