రద్దు చేయి

చుట్టుగుంట సెంటర్లో మెట్ల కింద నా కొట్టు.
మనిషైతే తల వంచాలి,
ఫోనైతే పడుకోబెట్టొచ్చు.

మార్తమ్మ ఫోను బల్ల మీద పెట్టకముందే
నాకు తుమ్మొచ్చింది.
ఏటుకూరు రోడ్డు గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీస్తుంది,
కిలోకింతని.
ఛార్జింగ్ రంధ్రంలో గుండుసూది పెట్టి తిప్పితే
కాగితం మీద ఎర్రటి పొడి రాలింది, చిటికెడు.
"పప్పులోకి సరిపోద్ది" అంది. నవ్వలేదు.

నాలుగేళ్ల కింద ఆరువేల తొమ్మిదొందల తొంభై తొమ్మిది.
ఆ రూపాయి తిరిగిచ్చారా అన్నాను.
చాక్లెట్ ఇచ్చారంది.

బ్యాటరీ పూరీలా పొంగింది.
వెనక డొప్ప ఊడకుండా రెండు రబ్బరు బ్యాండ్లు, జడవి.
అద్దం మీద పగులు ఎడమ మూల నుంచి
గడియారం అంకెల మధ్యగా దిగి
ఎవరి పేరొచ్చినా రెండు ముక్కలు చేస్తుంది.
సిమెంటు గచ్చు మీద పడింది, బకెట్లో పడింది,
ఒకసారి రాత్రంతా టిక్కీల కిందే ఉండిపోయింది.
ఇంకా మోగుతుంది.

అసలు గొడవ మోగడం గురించి కాదు.

'వేలిముద్ర గుర్తించబడలేదు. మళ్లీ ప్రయత్నించండి.'
కొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది.
"నా వేలే నాయనా, ఎవరిదో కాదు."
ఆ వేలు ట్యూబులైటు వైపు తిప్పి చూశాను.
గీతల్లేవు. ఘాటు తినేసింది.
అరిగిపోయిన రూపాయి బిళ్ల.
రేషన్ కొట్లోనూ ఇంతేనంట,
కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటదంట.

సెట్టింగ్స్ అంతా తెలుగే.
ఎక్కడో ఏసీలో కూర్చుని ఎవరో రాసిన తెలుగు.
ఫోను అనదు, పరికరం అంటుంది.
చివరి అప్‌డేట్ వచ్చి మూడేళ్లు దాటినా
'మీ పరికరం తాజాగా ఉంది' అంటుంది.
తాజా అంటే ఏమనుకుందో!
సాయంత్రం కొత్తిమీర కట్ట అమ్మేవాడు కూడా
ఆ మాట అనడానికి కొంచెం నసుగుతాడు.

కిందకి జరిపితే వరసగా
సేవ్ చేయి. షేర్ చేయి. బ్లాక్ చేయి. రద్దు చేయి.
ప్రతి మాట చివరా ఒక చేయి ఉంది దానికి.
ఈ చేయి మాత్రం తెలీదు.

'నిల్వ నిండింది.
మసక ఫోటోలు 1,146. తొలగించాలా?'
తెరిచాను. అన్నీ చీటీలే.
కాటా చీటీలు: తేదీ, కిలోలు, మేస్త్రి వంకర సంతకం.
గుడ్డి బల్బు కింద వణుకుతూ తీసినవి,
కొన్నిట్లో గాజులు పడ్డాయి, ఒకదాన్లో చెప్పు.
"చీటీలో పన్నెండు రాస్తాడు,
శనివారం లెక్కలో పది చదువుతాడు.
కాయితం చెమటకి నానిపోద్ది. ఇందులో నానదుగా."

అరండల్‌పేటలో ఎక్స్చేంజికి ఇస్తే
మూడొందలొస్తాయి, కొత్తది వాయిదాల్లో అన్నాను.
"తాలుకాయకైనా యార్డులో ఒక రేటుంటది" అంది,
ఫోను నా చేతిలోంచి లాక్కోబోయి.

బ్యాటరీ మార్చాను.
లాక్ స్క్రీన్ మీద రోజుకో మంచుకొండ,
ఎవరూ అడగని జాతకం, తీసేశాను.
రెండు ఆటలు మాత్రం పోవు,
కంపెనీ వాటిని పునాదిలోనే పోసింది.
మసక ఫోటోల దగ్గర ఆగాను.
రద్దు చేయి నొక్కాను.
నాలుగేళ్లుగా రోజూ నొక్కే మాటే.
ఇవాళే చదివినట్టనిపించింది.

వేలిముద్ర ఆపేసి
గుర్తుండే నాలుగంకెలు పెట్టుకోమన్నాను.
నేను తల తిప్పుకుంటే ఏం లాభం,
సెంటరంతా వినపడేలా చదువుకుంటూ కొట్టింది:
రెండు, ఒకటి, ఆరు, సున్నా.
మేస్త్రి బాకీ అంట. మర్చిపోయే అంకె కాదంది.

తెరుచుకోవడానికి నలభై లెక్కపెట్టాలి దానికి.
ఆమె నిలబడే లెక్కపెట్టింది.

కాగితం మీద ఎర్రపొడి ఊదబోయి,
ఫ్యాను ఆపి, మడిచి బుట్టలో వేశాను.
చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.
రాత్రి అన్నం ముందు కూర్చుని
కన్ను నలుపుకున్నాక తెలిసింది,
ఇంకా ఉందని.