పిన్నుల డబ్బ

ఆదివారం పొద్దున ఏడింటికి
నిజ్వా సర్కారు యూనివర్సిటీల తలుపులు తెరిచేది నేనే.
మొదాలు లైట్లు, తర్వాత ఏసీలు,
అటెన్క నా నోటీసు బోర్డు.
నాదే అంట. కాగితాలు వాళ్లయి, పిన్నులు నాయి.

పాతయి పీకుడు, కొత్తయి గుచ్చుడు.
ఈ వారం
ఖర్జూర చెట్ల తెగుళ్ల మీద ఏడాది కోర్సు,
రాళ్ల వయసు లెక్కగట్టే చదువు, సీట్లు పద్దెనిమిది,
నర్సింగుల చేరేటోళ్లకు కండ్ల పరీక్ష గురువారం.
స్కాలర్‌షిప్పు ఫలితాల కాగితం కింది అంచుకు
పేరు వెతికి వెతికి మాసిన వేలిముద్రలు.
రయ్యా అనే పిల్ల పేరు ముప్పై ఒకటో వరుసల ఉండె.
ఎవరికి చెప్పాల్నో తెల్వక ఆ పిల్ల
చేతిలున్న చాక్లెట్ల డబ్బ నా బకెట్ మీద పెట్టి ఉరికింది.

అరబ్బీ నాకు కుడి దిక్కు నుంచి రాదు.
ఇంగ్లీషు ఎడమ దిక్కు నుంచి సగం వస్తది.
నడుమ అంకెలే
మనూరోళ్ల లెక్క పలకరిస్తయి:
ఫీజు, గడువు, సీట్లు.

పోయిన నెల ఒక కాగితం వచ్చింది.
నీళ్ల పంపకం మీద డిప్లొమా, సాయంత్రం క్లాసులు.
బొమ్మల ఫలజ్ కాలువ,
దాని పొంటి పాతిన కట్టె,
కట్టె నీడ పడే జాగల గీతలు.
నీడ ఏ గీతకొస్తే ఎవరి తోటకు నీళ్లు మళ్లాలెనో
చెప్పే పెద్దాయనను ఇక్కడ అరీఫ్ అంటరట.
పిన్ను పండ్ల నడుమ పట్టుకొని
అట్లనే నిలబడ్డ.

మా నాయిన నీరడి.
మెట్‌పల్లి దాపుల మా ఊరి చెరువు తూము
ఆయన చేతిల ఉండె.
పగలు తన నీడను తనే అడుగులతోటి కొలిచేది.
రాత్రి గొర్రుకొయ్యలు నెత్తి మీదికొస్తే
ఒకల మడి బందు, ఇంకొకల మడి షురూ.
గడియారం ఒక్కనాడు కట్టలే.
తెల్లారగట్ల బురద కాళ్లతోటొచ్చి
"ఇయ్యాల తగువు కాలే" అనేది.
అదే ఆయనకు ఫస్టు క్లాసు.
ఊరోళ్లు ఆ పనిని చదువనలే.
మేం గూడ అనలే.

కాగితం కింద సన్న అక్షరాల్ల:
పన్నెండో తరగతి పాసై ఉండాలె.
సిబ్బందికి ఫీజుల సగం మాఫీ.
సిబ్బంది అంటే నేను గూడనా అని
ఆఫీసుల ఖల్ఫాన్ సారును అడిగిన.
ఆయన నవ్వలే. అద్దాలు తీసి తుడ్చుకొని
"నువ్వు కాంట్రాక్టు కంపెనీ మనిషివి గద, అడిగి చెప్త" అన్నడు.
అడిగిండో లేదో.

ఇంటర్ల నాకొక్క లెక్కల పేపరు మిగిలున్నది.
పందొమ్మిదేండ్ల కింద, నాలుగు మార్కులు తక్కువ.
రూముల మొఫిజుల్ కింది మంచం మీదికెల్లి
"నాలుగు మార్కులు ఏ దుకాన్ల దొరుకుతయి భాయ్" అని పరాచికమాడిండు.
ఫోన్ల చూసిన. పాత సిలబసోళ్లకు ఇదే ఆఖరి మోక.
పరీక్ష మార్చిల.
నా సెలవు ఆగస్టుల.

పగటీలి ఎండ కారిడార్ల అద్దంలకెల్లి పడ్తది.
మాపు కట్టె నిలబెట్టి చూసిన.
నీడ ఒక టైలు దాటి ఇంకో టైలు మీదికి పోనీకి
ఇరవై రెండు నిమిషాలు.
మూడు రోజులు చూసిన. తప్పలే.
సూపర్‌వైజరు వచ్చి, నేల ఆరిందా అని అడిగిండు.
ఆరింది సార్ అన్న.
నర్సింగు పిల్లలు నవ్వుకుంట
ఆ నీడను తొక్కుకుంట పోయిన్రు.

గడువు గురువారం తీరింది.
తీరిన కాగితం ఆ మాపటికే పీకాలె, అది డ్యూటి.
పీకలే.
ఆటల పోటీల పోస్టరు తెచ్చి
సగం కప్పి గుచ్చిన,
నీడ గీతలు మటుకు బయటికి కనబడేటట్టు.

ఆదివారమొచ్చి చూస్తే
దాని అంచుకు ఒక వేలిముద్ర.
నాదే కావచ్చు.