మూడో సొరుగు

ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డున,
గుజిరీ వీరభద్రి అంగడి ముందర
చెడిపోయిన కూలర్లకూ కాలిరిగిన కుర్చీలకూ నడుమ
మూడు వారాలుగా నిలబడి ఉండాది:
ఐదు సొరుగుల ఇనుప పెట్టె.
నా నడుమెత్తు. పచ్చరంగు,
అంటే ఒకప్పుడు పచ్చ.

మూతబడిన జిన్నింగు మిల్లుదంట.
రోలర్లు, షాఫ్టులు, బెల్టుల చక్రాలు
టన్నుల లెక్కన లారీలెక్కినాక
ఇదొక్కటి కాటా ఎక్కకుండా మిగిలింది.
"మూడు వేల రెండు నూర్లు.
కొత్తదైతే పద్నాలుగు వేలు, బెంగళూరు బాడుగ వేరే"
అన్నాడు వీరభద్రి, బుడ్డలు ఒలుచుకుంటా.

నా సామాను ఇప్పుడు కాపురముండేది యూరియా సంచిలో.
పది-పదకొండు కావాలంటే
పద్నాలుగు-పదిహేను చేతికొస్తుంది.
టెస్టరు కోసం దేవులాడితే సుత్తి కాలి మీద పడుతుంది.
మోటరు విప్పుకుని బోరు కాడ కూర్చుంటే
రైతు నా మొగం చూడడు, సంచిని చూస్తాడు.
సంచిని చూసే బేరమాడతాడు.

రాత్రి బీడీకట్ట కాగితం మీద లెక్క రాసినా.
అడుగు రేకు తుప్పు తినింది: కొత్త రేకు, వెల్డింగు, నాలుగు నూర్లు.
బేరింగు చక్రాలు నాలుగు, ఆరు నూర్లు.
రెడ్ ఆక్సైడు, పెయింటు, బ్రష్షు ఉండాది.
సొరుగుల పట్టాలు పాతకాలంవి, ఇనుము మీద ఇనుము రాసుకునేవి,
అవి పీకేసి బాల్ చానెళ్లు వేయిస్తే...
ఆడ రాసేది ఆపినా.
మాబున్ని కాగితం తీసుకుని చదివింది,
తిప్పి వెనకా చూసింది. వెనక ఏమీ ల్యా.
"సంచి అయితే భుజమెక్కుతుంది, దీనికి ఆటో కావాల.
పెట్టె బోరు కాడికి పోతుందా,
బోరే పెట్టె కాడికి వస్తుందా?"
జవాబు లేక లైటు ఆపేసినా.

నిజం చెప్పాలంటే
నన్ను పట్టుకున్నది పెట్టె కాదు.
రెండో సొరుగు అడుగున ఎవరో
తెల్ల పెయింటుతో స్పానర్ల నీడలు గీసుకున్నాడు,
చిన్నదాని నుంచి పెద్దదాని దాకా,
పిల్లోళ్లను వరసగా పండబెట్టినట్ల.
సామాను ల్యా. జాగాలుండాయి.
పదహారు-పదిహేడు జాగాలో గీత అరిగిపోయింది,
ఎక్కువసార్లు లేచి పోయి వచ్చింది అదే అయ్యుండాల.
అట్లాంటి ఫిట్టరు కింద ఒక్క ఏడాది ఉండింటే!
నాకు పని నేర్పింది తిట్లు.

మూడో సొరుగు మాత్రం రాదు.
"అందుకే గదప్పా ఆ రేటు" అంటాడు వీరభద్రి.

నిన్న పొద్దు గూకేటప్పుడు టేపు తీసుకుని పోయినా.
మా ఇంటి వాకిలి ఇరవై ఎనిమిది అంగుళాలు.
పెట్టె ఇరవై ఏడున్నర.
అర అంగుళం సందు ఇచ్చినాడు దేవుడు.
కొలిచినోన్ని కొలిచినట్ల రాకుండా
చేయి ఊరుకోలా.
నాలుగో సొరుగు బయటికి లాగి కింద నుంచి తడిమితే
పట్టా వంగలేదు, ఏదో అడ్డం పడుండాది.
రెండు చుక్కల నూనె, స్క్రూడ్రైవరు మొన,
ఒక బీడీ కాలేంత ఓపిక.
నిద్ర లేచినోడు ఒళ్లు విరుచుకున్నట్ల
మెల్లగా వచ్చింది.
లోపల ఇత్తడి బిళ్ల.
రెండునూర్ల పన్నెండు అని అంకె కొట్టి ఉండాది.
మిల్లు గేటు కాడ చూపించేది.
ఇది కనబడక ఎవరో ఒక పొద్దు కూలి పోగొట్టుకునింటాడు.

వీరభద్రి లేచి వచ్చినాడు.
సొరుగు లాగినాడు, తోసినాడు, మళ్లీ లాగినాడు.
"ఇప్పుడు నాలుగు వేలు పక్కీరప్పా.
ఐదూ వస్తాండాయి గదా."

నేనేమీ అనలా.
బిళ్ల జేబులో వేసుకున్నా.
సొరుగును లోపలికి తోసినా,
ఎడమ పక్క రవ్వంత ఎక్కువ.
బిగుసుకునింది.
"రేపొస్తాలే" అని సంచి భుజానికెత్తుకున్నా.

మలుపు తిరిగే దాకా వినబడతానే ఉండాది
వెనక
వాడు లాగే సప్పుడు.