పేర్ల సర్వరు

కాగితం మిల్లు మూతపడి పదకొండు వారాలు.
ఫిన్లాండ్ పడమటి తీరాన సముద్రం గడ్డకట్టి
ఒడ్డు ఎక్కడ ఆగిందో తెలియని జనవరి.
కరెంటు తీసేవాళ్లు శుక్రవారం వస్తారట,
ఈలోగా నేను
వెయ్యిన్ని రెండువందల పద్నాలుగు పేర్లున్న
డైరెక్టరీ సర్వరుని తీసెయ్యాలి.

ఎవరు ఏ తలుపు తెరవచ్చో,
ఎవరి ఫోను నంబరెంతో,
ఏ ప్రింటరు ఎవరి మాట వినాలో
ఇరవై రెండేళ్లు ఇదే చెప్పింది.
అడిగితేనే చెప్పింది. అడగనిదానికి నోరెత్తలేదు.

తాళాలు అప్పగించడానికొచ్చిన కౌకో
నా వెనక కుర్చీ లాక్కుని కూచున్నాడు.
నాలుగో యంత్రం ఫోర్‌మన్,
ఆ హోరుకి సగం చెవులు పోయినవాడు.
"రైమో ఉన్నాడా అందులో?" అరిచినట్టే అడిగాడు.

వెతికాను. ఉన్నాడు.
ఆరబెట్టే రోలర్ల దగ్గర పోయిన తమ్ముడు,
పద్నాలుగేళ్లుగా 'నిలిపివేత'లో ఉన్నాడు.
ఎక్స్‌టెన్షన్ మూడు ఒకటి ఏడు.
బూటు సైజు కూడా రాసుంది, ఎవరు రాశారో.
తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ముందు సర్వరుని ఆపాను.
నల్లటి తెర మీద తొలగింపు ఆజ్ఞ కొట్టాను.
తొలగించలేదు, అంది.
నిజంగానే అంటున్నావా? అయితే
చివర రెండు గీతలు పెట్టి 'చేసెయ్' అని చేర్చు, అంది.
మిల్లు మూసినవాళ్లని ఇలా రెండోసారి
ఎవరైనా అడిగారా అనుకున్నాను;
కౌకోతో అనలేదు.

చేర్చాను.
వద్దనుకుంటే ఇప్పుడే ఆపు అంటూ
అంకెలు దిగసాగాయి.
ఐదు.
నాలుగు. కౌకో టోపీ తీశాడు.
మూడు. నా వేలు ఆపే మీట మీదే ఉంది, నిజం చెబుతున్నా.
రెండు. "నలభై ఆరు కాదు, వాడి బూటు నలభై అయిదు" అన్నాడు.
ఒకటి.

పూర్తయింది, అని ఒక్క ముక్క.
ఫోల్డర్లు తెరిచి చూశాను. లాగులు కూడా లేవు.

కాఫీకి వెళదామని లేచాం.
కోట్ల గది తలుపుకి కార్డు ఆనించాను.
ఎర్ర దీపం.
మళ్లీ ఆనించాను, పిచ్చిదాన్ని.
ఆ వెయ్యిన్ని రెండువందల పద్నాలుగులో
నేనూ ఒకర్తెనని అప్పటిదాకా తట్టలేదు.
బయట మైనస్ ఇరవై మూడు.

కౌకో నవ్వలేదు.
ఇంకా అప్పగించని గుత్తి జేబులోంచి తీసి
ఒక్కో ఇనప తాళంచెవినీ వెలుతురుకి పట్టి చూస్తూ
"నీ పేరేమిటన్నావ్?" అడిగాడు.
చెప్పాను.
"గట్టిగా" అన్నాడు.