నాలుగొందల పదిహేడు

ఆటోనగర్‌లో నా పొద్దు వాసనతో మొదలవుతుంది.
థిన్నరైతే ముక్కు కొసన చల్లగా తాకుతుంది.
కాలిన ఇంజనాయిలు నాలుక మీద కూర్చుని ఓ పట్టాన లేవదు.
బ్యాటరీ యాసిడ్ దగ్గరికెళ్తే
చింతకాయ తలుచుకున్నట్టు పళ్ళు పులుస్తాయి.
మాస్కు పెట్టుకున్నాక సంగతే చెబుతున్నాను.

తూకం వేస్తాను. మూత బిగిసిందో లేదో రెండుసార్లు చూస్తాను.
పసుపు లేబుల్ మీద ఎర్రటి అక్షరాలు, ప్రమాదకర వ్యర్థం.
కింద నంబరు, తేదీ, నా పొట్టి సంతకం.
షెడ్డులో ఏదీ తొంభై రోజులు దాటకూడదు.
లారీ ఎక్కితే ఏడు కాగితాలు, ఏడు రంగులు.
తెల్లది బోర్డుకి, పసుపుది మాకు,
గులాబిది పుచ్చుకున్న వాళ్ళకి.
నీలం కాగితం తిరిగొచ్చేదాకా
ఆ విషం నా పేరు మీదే ఉంటుంది.

ఖాళీ డ్రమ్ములకి మాత్రం ఒకటే రిజిస్టరు.
కడిగాం, కోశాం, ముక్కలు పంపాం.
మూడు గళ్ళు.

పోయినేడు రోహిణి కార్తె. రేకుల కింద కళ్ళు మండుతున్నాయి.
కోత మిషను మోటారు కాలింది.
"రేపు కోసేద్దాం, ఇవాళ్టికి రాసేయండి మేడం" అన్నాడు దయాకర్.
నాలుగొందల ఒకటి నుంచి పదిహేడు దాకా
పదిహేడు టిక్కులు.
చెమట బొట్టు పడి ఒకటి అలుక్కుపోతే
మళ్ళీ శుభ్రంగా పెట్టాను కూడా.

మొన్న లారీ డ్రైవరు ఏసుపాదానికి జ్వరమంటే
మందులు పట్టుకుని మాచవరం కొండెక్కాను.
నూట ఇరవై మెట్లు. పంపు నీళ్ళు పైదాకా రావు.
ప్రతి గుమ్మం ముందూ ఓ నీలి డ్రమ్ము.
ఎనభయ్యో మెట్టు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ
ఒకదాని మీద చెయ్యి వేశాను.
వేళ్ళకి జిగురు తగిలింది.
గీకేసిన పసుపు. మిగిలిన మూడంకెలు.
పక్కనే నా పొట్టి సంతకంలో సగం.

"ఏటి సూత్తన్నావమ్మా? నాలుగొందలెట్టి కొన్నాను"
అంది సింహాద్రమ్మ, శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న గొంతుతో.
"మొదట్లో వాసనొచ్చీది. సబ్బెట్టి తోమీసినాను. ఇప్పుడు రాదు."

వంగాను.
ముక్కు కొసన చల్లగా తాకింది.

డ్రమ్ము అంచుకి దారంతో కట్టిన గ్లాసు ఉంది,
నా గుప్పిట్లో పట్టేంత చిన్నది.

ఈ నీళ్ళు తాగొద్దు అన్నాను.
"ఏడాది తాగినాం కదమ్మా" అంది.
ఆ మాటకి ఏ రంగు కాగితంలోనూ గడి లేదు.

సాయంత్రం కొత్తవి రెండు కొని మోయించుకెళ్ళాను.
రెండు కొత్తవిచ్చి పాతదొకటి పట్టుకుపోతానంటే
నన్ను కిందికీ మీదికీ చూసింది.
"నీకేదో లాభం ఉంటాదిలే" అని
నవ్వి గ్లాసు విప్పుకుంది.
ఆ డ్రమ్ము మీదున్నది నా సంతకమేనని
నోటిదాకా వచ్చింది. మింగాను.
అదీ రాసుకోవాలి ఎక్కడో.

డ్రమ్ము మెట్ల మీద దొర్లుతుంటే
కొండంతా చప్పుడు. పిల్లలు వెంటపడ్డారు.
షెడ్డుకి తెచ్చి నేనే కోశాను, రంపంతో, నాలుగు ముక్కలు.
రిజిస్టర్లో పాత టిక్కు కొట్టేసి ఇవాళ్టి తేదీ వేశాను.
"ఆడిట్‌లో అడుగుతారు మేడం" అన్నాడు దయాకర్.
అడగనీ.
పాత ఇనుము ఖాసింకి ఎవరు అమ్మారో
అతన్ని నేను ఇంకా అడగలేదు.
నా మొహం చూడ్డం మానేశాడు, అంతే.

ఆదివారాలు ఇప్పుడు కొండలెక్కుతున్నాను.
గుమ్మాల ముందు ఆగి డ్రమ్ములు తడుముతుంటే
సర్వే అనుకుని కొందరు రేషన్ కార్డు తెచ్చి చూపిస్తున్నారు.

నిన్న చిట్టినగర్‌లో ఒకటి దొరికింది.
నాలుగొందల తొమ్మిది.
తేలిగ్గా లేదు. నీళ్ళ చప్పుడూ లేదు.
ఇంటావిడ మురిపెంగా మూత తీసి చూపించింది,
పురుగన్నదే పట్టదట ఇందులో పోస్తే.

నిండా బియ్యం.