జరిమానా పది రూపాయలు

అల్లిపురం సందులో
టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద
ఆదివారం నాలుగింటికి కలుస్తాం.
నేర్చుకునేవాళ్ళు రావడం మానేసి చాలా ఏళ్ళయింది.
గుడ్డలు కప్పుకుని కూర్చున్న పదకొండు మిషన్లూ
మా మొదటి శ్రోతలు.
వాటికి ఏదీ నచ్చినట్టు కనపడదు.

మాకు నియమం ఒక్కటే:
పద్యంలో సముద్రం అంటే పది రూపాయలు.
కెరటం అన్నా, కడలి అన్నా అంతే.
తీరం అంటే ఐదు.
ఈ ఊళ్ళో ఎవడు కలం పట్టినా
మొదటి పాదం తడిసే వస్తుందని
జోగారావు మాస్టారు వేసిన పన్ను అది.
పోగైన డబ్బులతో
కింద బండి దగ్గర మురీ మిక్చరు.

నేను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసేవాణ్ణి.
తొలిరోజు నా పద్యానికి నలభై ఐదు కట్టాను.
ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం
ఎవరో నాకే బాకీ పడ్డట్టనిపించింది.
మేరీ సువర్ణ,
కేజీహెచ్‌లో రాత్రంతా నిలబడి నేరుగా వచ్చిన మనిషి,
నా కాగితం రెండుసార్లు చదివి
ఒక్కచోట వేలు పెట్టి
"ఇక్కడ నాడి దొరికింది" అంది.
అక్కడున్నది "అరుగు మీద కుక్క".
మిగతాదంతా
నేను బాగా రాశాననుకున్నది.

క్రేను పైడిరాజుకి పొగడటం రాదు.
పోర్టులో అంతెత్తున కూర్చుని బరువులు దించేవాడు,
కళ్ళు మూసుకుని వింటాడు.
"ఎడం పక్కకి లాగుతోంది గురూ,
ఆ రెండో ముక్క దించేయ్" అంటాడు.
దించితే పద్యం నిజంగానే నిటారుగా నిలబడుతుంది.
మస్తానీకి పదిహేడేళ్ళు.
వెనక ఎవరో తరుముతున్నట్టు చదువుతుంది.
"ఎవరూ రావట్లేదమ్మా" అంటాం.
మళ్ళీ మొదట్నించి చదువుతుంది.
మళ్ళీ పరుగే.

పోయిన వారం నూకరత్నం వచ్చింది.
పెదజాలరిపేట. పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు.
చేతిలో కూతురి పాత నోటుబుక్కు:
ఇటునుంచి తెరిస్తే బాకీల పద్దు,
అటునుంచి తెరిస్తే పద్యం.
కుర్చీ చూపించినా నిలబడే చదివింది.

"సముద్రం మాకు బాకీ.
తమ్ముడి పేరు రాసి, పడవ నంబరు రాసి,
తారీకు కాడ ఖాళీ ఒగ్గీసినాను.
రోజూ పొద్దున్న సముద్రం వస్తాది,
గుమ్మం కాడ నురగ పెడతాది,
సిల్లర లేదని ఎల్లిపోతాది."

చివర్న ఇంకో పాదం ఉంది:
"ఓ సముద్రమా, నీకు జాలి లేదా!"

ఎవరూ ఏమీ అనలేదు.
మాస్టారు కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టి
ఎంతకీ ఆపలేదు.
పైడిరాజు కళ్ళు తెరవలేదు.
మేరీ మంచినీళ్ళకని లేచింది.

నూకరత్నం కొంగుముడి విప్పి
మూడు పదిరూపాయల బిళ్ళలు బల్ల మీద పెట్టింది.
"వద్దమ్మా" అన్నారు మాస్టారు.
"ఏం, నా కాడ సెల్లదా మీ నియమం?
జాలి మా వీధిలో కావలసినంత దొరుకుతాది బాబూ.
రెండు బస్సులు మారి వచ్చినాను.
బాగోనిది ఏటో సెప్పండి."

మీటరులో ఉన్న అంకె రాయడమే నా పని.
ఇంటివాళ్ళ మొహం చూసి
తగ్గించి రాయకూడదు.
గొంతు తడారిపోయింది, అయినా అన్నాను:
"చివరి పాదం అక్కర్లేదేమో.
సిల్లర లేదని ఎల్లిపోయింది కదా,
పద్యం అక్కడే తలుపు వేసుకుంది.
తర్వాత మీరు వెనక్కి పిలిచారు.
పిలవకపోతే బాగుండేది."

ఆమె నావైపు చూడలేదు.
పెదాలు కదుపుతూ
ఆ పాదంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి
తనలో తను చదువుకుంది.
మస్తానీ దగ్గర పెన్ను తీసుకుని
తిన్నగా ఒక్క గీత కొట్టింది.
బాకీ తీరిన పేర్లు కొట్టేసే అలవాటున్న చెయ్యి.

తర్వాత బల్ల మీంచి
ఒక బిళ్ళ వెనక్కి తీసుకుని
కొంగున ముడేసుకుంది.
"రెండే కదా ఇప్పుడు."