వెనక్కి నడిచేవాడు

రాణిగంజ్‌లో టైర్ల షాపు మీది గది.
రబ్బరు వాసన మా మాటలకి కూడా పట్టింది.
రేపు పొద్దున పదింటికి ఆటగాళ్ల ఎంపిక.
ఎనిమిది జట్లు, డబ్బాలో ఎనిమిది చీటీలు,
మాకొచ్చింది మూడో నంబరు.

ఫెలిక్స్ రాగానే తేల్చేశాడు:
"తార్నాక పిల్లగాడే. యాభై గజాలు విసురుతడు.
బంతి వచ్చి అరచేతిల పావురమోలె వాలుతది.
అసొంటి చెయ్యి మళ్లీ దొరకదు."

బాల్‌లింగం సార్ చాయ్ సాసర్లో పోసుకుని
ఊదుకుంటూ అన్నాడు:
"చెయ్యి సరే. అది లేచేదాక
మూడు సెకండ్లు ఎవడిస్తడు, నీ మేనమామా?"

బోర్డు మీద నిరుటి లెక్క ఇంకా చెరపలేదు.
ఏడు ఆటలు.
ముప్ఫై ఒక్కసారి మట్టికరిచిన మా విసిరేవాడు.
విరిగిన భుజం ఒకటి.
లెక్కలో రాయనిది, జింఖానా గేటు దగ్గర
వాళ్లమ్మ అడిగిన మాట:
"ముందట ఐదుగురుంటరంట గదా బిడ్డా?"

ఉన్నాం.
ఐదుగురిలో ఎడమ చివరివాణ్ణి నేనే.
విసిరేవాడికి కనపడని వైపు కాపలా నాదే.
ఆ రోజు అర అడుగు ఆలస్యమయ్యాను.
మోకాలికి ఆపరేషనైంది గాని
ఆ అర అడుగు లోపలే ఉండిపోయింది.

ఇమ్రోజ్ లాప్‌టాప్ తిప్పి చూపించాడు.
"గోడకి ఇటుకలు ఐదో రౌండులో కూడా దొరుకుతయ్ భాయ్.
మల్కాజిగిరి జిమ్ము పోరడు, నూట ముప్ఫై కిలోలు.
ఇంకేం గావాలె?"
"లావు వేరు, బరువు వేరు" అన్నాడు సార్.
ఆ మాటకి పావుగంట కొట్లాట.
ముందు తలుపా, ముందు గోడా,
తలుపు పట్టుకుని గాలిలో నిలబడతామా,
గోడ కట్టి కిటికీ లేక ఉక్కపోతలో చస్తామా.
ఉస్మానియా బిస్కెట్లు అయిపోయాయి.
మాటలు అయిపోలేదు.

అప్పుడు చెప్పాను సాయిలు సంగతి.
జాబితాలో తొంభై నాలుగో పేరు,
ఫారం నింపింది నేనే.
చిక్కడపల్లిలో మేం ఇల్లు మారినప్పుడు
మూడో అంతస్తు నుంచి ఇనప బీరువా దించినవాడు.
పైన ఇద్దరు పట్టారు. కింద వాడొక్కడే,
వెనక్కి నడుస్తూ.
ఒక్కసారీ వెనక్కి చూడలేదు.
మెట్లు పాదాలకే కనపడుతున్నట్టు,
చూపంతా ఎదురుగా వస్తున్న బరువు మీదే.
అది తోస్తే కొంచెం తగ్గాడు గాని దారి మాత్రం ఇవ్వలేదు.
మలుపులో గోడకి సున్నం రాలలేదు,
బీరువా అద్దంలో మా ఆవిడ మొహం చెదరలేదు.
"మన పని అదే గదా సార్,
వెనక్కి నడుస్తూ ముందున్నోణ్ణి ఆపడం" అన్నాను.

"రూల్సే తెల్వనోడికి మూడో నంబరా?" ఇమ్రోజ్ నవ్వాడు.
ఫెలిక్స్ మాత్రం నవ్వలేదు.
బీరువా ఎన్ని కిలోలుంటదని అడిగాడు.

ఫోన్ చేశాం. రాత్రి పన్నెండున్నర.
కొంపల్లిలో ఎవరిదో ఫ్రిజ్ దించుతున్నాడట, రొప్పుతున్నాడు.
అంతా విని అన్నాడు:
"ఆట బాగనే ఉంటది సార్.
గని ఆదివారాలే గదా మీ ఆటలు?
షిఫ్టింగులు ఎక్కువొచ్చేది ఆదివారాలే."

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.
ఇన్ని గంటలు మా వాదనలో
ఆదివారం అనే మాట ఎవరి నోటా రాలేదు.
సార్ చాక్‌పీస్ తీసుకుని
తార్నాక పిల్లగాడి పేరు పక్కన సాయిలు పేరు రాశాడు.
కింద, "ఒక ఆదివారం = ?"
ఆ ప్రశ్నగుర్తు దగ్గర చాక్‌పీస్ విరిగింది.

ఒంటిగంటకి తాళం వేశాం.
షాపు పక్క ఇరుకు మెట్లు, లైటు లేదు.
ఏం బుద్ధి పుట్టిందో
గోడ పట్టుకుని వెనక్కి దిగడం మొదలుపెట్టాను.
పైనుంచి ఫెలిక్స్ "ఏందిరా నీ యవ్వారం" అన్నాడు.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగో మెట్టు మీద
తిరిగి చూశాను.